పది నంబరు పానా ఎంత వదులుండాలి?

కాశ్మీరీ గేట్‌లో మోటారు విడిభాగాల బజారు, చావ్‌డీ బజార్‌లో హార్డ్‌వేర్ దుకాణాలు, అజ్మేరీ గేట్ దగ్గర స్వామి శ్రద్ధానంద్ మార్గ్‌లో యంత్ర పరికరాల టోకు అంగళ్లు, కరోల్ బాగ్‌లో మోటారు సైకిల్ సామాన్ల సందులు. సొంత బండిని సొంతంగా బాగుచేసుకుందామనుకునే వారికి ఢిల్లీలో పనిముట్లకు కొదవ లేదు. అవి తయారయ్యే ఊళ్లూ మరీ దూరం కాదు. పంజాబ్‌లోని జలంధర్, లూధియానా చేతి పనిముట్ల తయారీకి దేశంలోనే పెద్ద కేంద్రాలు. కేంద్ర, పంజాబ్ ప్రభుత్వాలు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో 1983లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హ్యాండ్ టూల్స్‌ను జలంధర్‌లోనే నెలకొల్పాయి. జర్మనీకి చెందిన గెడోర్ పేరుతో ఒకప్పుడు ఫరీదాబాద్‌లో తయారైన పానాలు విదేశాలకూ వెళ్లాయి. గ్రోజ్ కంపెనీ గురుగ్రామ్‌లో ఉంది. స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో 1969లో ఉత్పత్తి మొదలుపెట్టిన తపారియా నాసిక్‌దే అయినా, ఆ పేరు లేని దుకాణం ఢిల్లీలో కనిపించదు. ఇంత సరుకు మధ్య నిలబడ్డ మనిషి దేన్ని చూసి ఎంచుకుంటున్నాడన్నది అసలు ప్రశ్న. పెట్టెలో ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెడతాడు. వెల చూస్తాడు. పానా మీద ‘క్రోమ్ వెనేడియం’ అన్న అచ్చు ఉందా అని చూస్తాడు. జీవితకాలం గ్యారంటీ అంటే ధైర్యపడతాడు. ఈ నాలుగూ పానా గురించి చెప్పేది బహు తక్కువ. ముందుగా చూడవలసింది పానా నోటికీ బోల్టు తలకూ మధ్య ఉండే సందు. ఎందుకంటే నాసి పానా వల్ల పోయేది పానా కాదు, బోల్టు. పానా పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఇంజన్‌లో బిగుసుకుపోయిన బోల్టు తల అరిగి గుండ్రంగా మారితే, దాన్ని బయటికి తీయడానికి అయ్యే ఖర్చు మొత్తం పానాల పెట్టె ధరను మించిపోవచ్చు.

ఆ సందు ఎంత ఉంటుందో, అది ఏం చేస్తుందో కొంచెం నిదానంగా చూడాలి. 6 మి.మీ. మర ఉన్న బోల్టు తలకు ఎదురెదురు పలకల మధ్య దూరం 10 మి.మీ. మెకానిక్కులు పది నంబరు అనేది దీన్నే. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ తల 10.00 మి.మీ. దాటకూడదు, 9.78 మి.మీ. కంటే తగ్గకూడదు. దానికి వాడే పానా నోరు 10.04 నుంచి 10.19 మి.మీ. మధ్య ఉండాలంటుంది ఐఎస్‌ఓ 691. సందు బొత్తిగా లేకపోతే పానా బోల్టు మీదికి ఎక్కనే ఎక్కదు కాబట్టి కొంత వదులు తప్పదు. అయితే ప్రమాణాలకు లోబడిన సరుకులో కూడా ఈ సందు 0.04 మి.మీ. నుంచి 0.41 మి.మీ. దాకా ఉండొచ్చు. పది రెట్ల తేడా! పానా తిప్పగానే ముందు ఈ సందు మేరకు ఖాళీగా తిరిగి, ఆ తర్వాతే బోల్టును పట్టుకుంటుంది. త్రికోణమితితో లెక్క కడితే అతి బిగువైన జతలో ఆ ఖాళీ తిరుగుడు 0.4 డిగ్రీలు, అతి వదులు జతలో దాదాపు 4.5 డిగ్రీలు. వాడగా వాడగా నోరు సాగి 10.4 మి.మీ. అయిన పానా చిన్న తల బోల్టు మీద 7 డిగ్రీలు తిరుగుతుంది. పానా నోటి గోడలు చదునుగా ఉంటాయి. అందువల్ల అది కాస్త తిరిగిందంటే చాలు, బోల్టు పలకను వదిలేసి మూలను మాత్రమే నొక్కుతుంది. తిరుగుడు పెరిగే కొద్దీ పానా గోడ ఆ మూలను మరింత ఏటవాలుగా తాకుతుంది, ఆ నొక్కుడును తట్టుకునే లోహం అంతకంతకూ పలచబడుతుంది.

ఆ మూల మీద పడే బరువు మన ఊహకు అందనంత ఎక్కువ. పది నంబరు బోల్టును మామూలుగా 10 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తారు. పన్నెండున్నర సెంటీమీటర్ల పానా చివర 8 కిలోల బరువుతో నొక్కితే అంత బిగువు వస్తుంది. అటువైపు బోల్టు తల దగ్గర, ఆ బలం పనిచేసే దూరం కేంద్రం నుంచి 3 మి.మీ. కూడా ఉండదు. రెండు పక్కలే పట్టుకునే తెరిచిన నోటి పానా అయితే, ఒక్కొక్క మూల మీద దాదాపు 175 కిలోల బరువు పడుతుంది. అదే పని ఆరు మూలలనూ చుట్టి పట్టుకునే గోటీ (సాకెట్)తోనో రింగు పానాతోనో చేస్తే ఒక్కో మూలకు 60 కిలోల లోపే. వాహనాల్లో ఎక్కువగా వాడే 8.8 రకం బోల్టు ఉక్కు కాఠిన్యం రాక్‌వెల్ సి కొలతలో 22 నుంచి 32 దాకా ఉంటుంది. మంచి పానాది 40 పైనే. రెండిట్లో మెత్తనిది బోల్టు గనుక ముందుగా లొంగేది దాని మూలే. మూల ఒకసారి నలిగితే సందు పెరుగుతుంది, పెరిగిన సందు వల్ల రెండోసారి మరింత నలుగుతుంది. తుప్పు పట్టిన బోల్టును కొత్తదానికి రెట్టింపు బలంతో విప్పాల్సి వస్తే పై అంకెలన్నీ రెట్టింపవుతాయి. అందుకే బిగుసుకున్న బోల్టును మొదట కదిలించేటప్పుడు తెరిచిన నోటి పానా ముట్టకూడదు. గోటీతో కదిలించి, వదులయ్యాక వేగం కోసం తెరిచిన నోరు వాడుకోవచ్చు. ఒక కొస రింగు, ఇంకో కొస తెరిచిన నోరు ఉన్న కాంబినేషన్ పానా ఇంటి పనికి ఎక్కువ ఉపయోగపడేది ఇందుకే.

రింగుల్లోనూ గోటీల్లోనూ ఆరు మూలలవి, పన్నెండు మూలలవి అని రెండు రకాలు. పన్నెండు మూలలదానికి ఇరుకు చోట తొందరగా పట్టు దొరుకుతుంది, అది 30 డిగ్రీలకోసారి కూర్చుంటుంది. కానీ బోల్టు పలకను ఆనుకునే దాని గోడలు పొట్టివి, ఆనేది మూలకు బాగా దగ్గరగా. నలిగిన తలకూ తుప్పు పట్టిన తలకూ ఆరు మూలలదే మేలు. 1920లో మిల్వాకీలో మొదలైన స్నాప్-ఆన్ కంపెనీ 1960ల్లో ఇంకో అడుగు ముందుకేసి, గోటీ లోపలి మూలల్ని కొంచెం వంపు తిప్పింది. దాంతో బలం బోల్టు మూల మీద కాక, మూలకు ఇవతల పలక మీద పడుతుంది. ఈ వంపు ఇప్పుడు మన దేశంలో తయారయ్యే గోటీల్లోనూ కనిపిస్తుంది. గోటీ నోట్లోకి తొంగిచూస్తే మూలల దగ్గర చిన్న గుండ్రటి తొలుపులు ఉంటాయి. దుకాణంలో అవి ఉన్నాయో లేదో చూడటానికి క్షణం పట్టదు. ఇక స్వీడన్‌కు చెందిన యోహాన్ పీటర్ యోహాన్సన్ 1892లో పేటెంటు తీసుకున్న, దవడను జరుపుకోగలిగే స్క్రూ స్పానర్ సంగతి. బోల్టులకు స్థిరమైన కొలతలు లేని కాలానికి అది గొప్ప ఆవిష్కరణ. కదిలే దవడకు వదులు సహజం గనుక, కొలతలు స్థిరపడ్డ బండికి అది చివరి దిక్కు కావాలి. కొత్తగా పనిముట్లు కొనేవారు మొదట కొనేది అదే కావడం విచారకరం.

సందును దుకాణంలో ఎలా కొలవాలి? వెర్నియర్ కాలిపర్ ఉంటే నోటి వెడల్పు నేరుగా చూడొచ్చు. లేకపోయినా దారి ఉంది. విడిభాగాల దుకాణంలో ఒక కొత్త పది నంబరు బోల్టు కొని జేబులో వేసుకుని వెళ్లాలి. బోల్టు కాడను పట్టకారుతో కదలకుండా పట్టుకుని, తలకు పానా తొడిగి, పానా చివర అటూ ఇటూ ఎంత ఊగుతుందో చూడాలి. తల 9.9 మి.మీ. ఉండి, పానా 13 సెంటీమీటర్ల పొడవుంటే, 10.04 మి.మీ. నోటికి ఆ ఊపు ఆరేడు మిల్లీమీటర్లు. 10.19 నోటికి దాదాపు 14. నోరు 10.4 అయితే దాదాపు 25 మి.మీ. నోట్లో 0.15 మి.మీ. తేడా పానా కొసన రెట్టింపు ఊపై కంటికి కనిపిస్తుంది. ఒకే బోల్టుతో నాలుగు కంపెనీల పానాలను వరుసగా చూస్తే, ఏ ప్రకటనా చెప్పని విషయం చేతికే తెలుస్తుంది. పేరున్న కంపెనీ సరుకుకు నకళ్లు తిరిగే బజారులో ఈ పరీక్షకు ఇంకో విలువ ఉంది. అచ్చును నకలు చేయడం సులువు, నోటి కొలతను పానా పానాకూ నిలపడం కష్టం. తెరిచిన నోటి పానాలకు ఐఎస్ 2028, రింగు పానాలకు ఐఎస్ 2029 అని భారతీయ ప్రమాణాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ప్యాకెట్ మీద ఆ అంకెలో, వాటికి దీటైన ఐఎస్‌ఓ, జర్మనీ ‘డిన్’ అంకెలో ఉంటే తయారీదారు ఒక కొలతకు మాట ఇచ్చాడని అర్థం. ఆ మాట నిలబెట్టుకున్నాడో లేదో జేబులోని బోల్టు చెబుతుంది. ఇంటికి తెప్పించుకుని కొనే అలవాటు పెరిగిన ఈ కాలంలో, నడిచి వెళ్లి పట్టుకుని చూసే బజారు అందుబాటులో ఉండటం ఢిల్లీ వాసులకు నిజమైన అదృష్టం. సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ వైపు ఉండేవారికీ ఈ వీలుంది.

‘క్రోమ్ వెనేడియం’ అచ్చుకు ఇంత మోజు ఎందుకో అర్థం చేసుకోవచ్చు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్-టీ కారు వెనేడియం ఉక్కును గొప్పగా చెప్పుకుంది. ఉక్కులో ఒక శాతం దాకా క్రోమియం, దానిలో పదోవంతో ఐదోవంతో వెనేడియం కలిపితే లోహపు రేణువులు సన్నబడి, గట్టిదనంతో పాటు దెబ్బను ఓర్చుకునే గుణమూ వస్తుంది. అయితే ఆ గుణం వంటకంలో ఉప్పులా కలిపినంత మాత్రాన రాదు. ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడి మీద పదును సరిచేయాలి. చల్లార్చి వదిలేస్తే పెళుసుబారి విరుగుతుంది. పదును ఎక్కువగా దించితే మెత్తబడి నోరు సాగుతుంది. అచ్చు చెప్పేది ఏం కలిపారో మాత్రమే, ఎలా కాల్చారో కాదు. ఎక్కువ గట్టిదనం అంతటా మంచిదనుకోవడమూ పొరపాటే. బోల్టులు బిగించే గాలి తుపాకీతో వాడే నల్లటి గోటీలను కావాలనే కాస్త మెత్తగా, మందంగా చేస్తారు, దెబ్బలు ఓర్చుకోవాలి గనుక. మెరిసే మామూలు గోటీని ఆ తుపాకీకి తగిలిస్తే పగిలి ముక్కలు ఎగరవచ్చు, కళ్లకు ప్రమాదం. కాఠిన్యాన్ని దుకాణంలో కొలవలేం గానీ కొన్ని ఆనవాళ్లు పట్టుకోవచ్చు. నోటి రెండు గోడలూ సమాంతరంగా ఉన్నాయా, గోటీ రంధ్రం నడి మధ్యలో ఉందా, గోడ మందం చుట్టూ సమంగా ఉందా, అంచుల్లో గరుకు మిగిలిందా, సైజు అంకె లోహంలోకి దిగి ఉందా లేక రంగుతో అచ్చేశారా. ఈ పైపనిలో శ్రద్ధ లేని కార్ఖానా కొలిమి దగ్గర శ్రద్ధ చూపిందని నమ్మడానికి కారణం కనిపించదు.

ముక్కల లెక్క మీద ఇంతకంటే గట్టి అభ్యంతరం ఉంది. దాని మూలం ఢిల్లీ పొలిమేరల్లోనే దొరుకుతుంది. 1983 డిసెంబరులో గుర్‌గావ్ (ఇప్పటి గురుగ్రామ్) కార్ఖానా నుంచి మొదటి మారుతి 800 బయటికి వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఏర్పడిన హీరో హోండా, జైపూర్ దారిలోని ధారుహేరాలో మోటారు సైకిళ్ల తయారీ చేపట్టింది. అంతకు ముందరి అంబాసిడర్ కార్లకూ బుల్లెట్లకూ బ్రిటిష్ అంగుళాల కొలతలు కావాల్సి వచ్చేది. సుజుకి, హోండాలతో పాటు జపాన్ కొలతలు వచ్చాయి. 8 మి.మీ. మర బోల్టుకు ఐరోపా సంప్రదాయంలో 13 నంబరు తల ఉంటే, జపాన్ సంప్రదాయంలో 12. పది మి.మీ. మరకు పాత జర్మన్ ప్రమాణంలో 17, ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణంలో 16, జపాన్‌లో 14. పన్నెండు మరకు వరుసగా 19, 18, 17. అందువల్ల మారుతి కారుకో స్ప్లెండర్ మోటారు సైకిల్‌కో కావలసిన వరుస 8, 10, 12, 14, 17. కారు చక్రాలకు 19 కూడా. స్కోడా, ఫోక్స్‌వాగన్ కార్లకు 13, 16, 18 తప్పనిసరి. దుకాణంలో దొరికే నలభై యాభై ముక్కల పెట్టె అందరికీ పనికొచ్చేలా కూర్చింది గనుక, ఏ ఒక్కరికీ సగం కూడా పనికిరాదు. పెట్టె వెలను ముక్కల సంఖ్యతో భాగించి ఒక్కోటి ఇంతే పడిందని సంతోషించడం తప్పుడు లెక్క. మనం వాడబోయే ముక్కల సంఖ్యతోనే భాగించాలి. అప్పుడు విడిగా కొన్న ఆరేడు మంచి పానాల వెల ఆ పెట్టెకు దగ్గర్లోకే వస్తుంది. మంచి దేశీ పది నంబరు పానా ఒక్కటి ఢిల్లీ హోటల్లో ప్లేటు బిర్యానీ కంటే తక్కువకే దొరుకుతుంది.

ఇదే జపాన్ వారసత్వం స్క్రూ డ్రైవర్లలో ఇంకా ఎక్కువ నష్టం చేసింది, ఎవరూ పట్టించుకోలేదు. మనం ‘స్టార్’ అని పిలిచే అడ్డగీత స్క్రూను 1930ల్లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ జనంలోకి తెచ్చాడు. బిగువు పెరిగితే డ్రైవర్ మొన పైకి జారడం దాని గాడి వంపులోనే ఉంది. జపాన్ వాహనాల్లోని స్క్రూలు చూడటానికి అలాగే ఉన్నా గాడి ఆకారం వేరు. చాలావాటి తల మీద ఒక చిన్న చుక్క గుర్తుంటుంది. ఫిలిప్స్ మొన అందులో పూర్తిగా దిగదు, దిగినంత మేర జారి గాడిని గీకేస్తుంది. పాత మోటారు సైకిళ్ల ఇంజన్ పక్క మూతల మీద తల చితికిన స్క్రూలు అన్ని కనిపించడానికి ఈ పొంతన లేమి పెద్ద కారణం. జపాన్ ప్రమాణపు మొన ఉన్న డ్రైవర్ ఒకటి, రెండో నంబరుది, కొనుక్కుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. అది ఫిలిప్స్ స్క్రూలకూ బాగానే పనిచేస్తుంది. పానా విషయంలో చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. స్క్రూలో మొన పెట్టి, చేయి వదిలేస్తే డ్రైవర్ నిటారుగా నిలబడాలి. వాలిపోతే ఆ జత పనికిరాదు.

సరిపోయే పానా దొరికాక మిగిలిన ప్రశ్న ఎంత బిగించాలన్నది. పానా సైజు పెరిగే కొద్దీ దాని పొడవు పెరగడం అందం కోసం కాదు. సగటు మనిషి చేతి బలానికి ఆ సైజు బోల్టు తట్టుకునేంత బిగువే రావాలని ఆ పొడవు పెట్టారు. పది నంబరు పానాకు గొట్టం తొడిగి తిప్పేవారు ఆ రక్షణను తీసేస్తున్నారు. 6 మి.మీ. బోల్టును 10 న్యూటన్ మీటర్లకు బిగిస్తే అది లోపల దాదాపు 850 కిలోల బరువుతో సాగి నిలబడుతుంది. 8.8 రకం బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా ఓర్చుకోగలిగే హద్దు సుమారు 1,180 కిలోలు. మిగులు తక్కువే. పైగా మనం పెట్టే బిగువులో సగం బోల్టు తల కింది రాపిడికీ, మరో నలభై శాతం మరల రాపిడికీ పోతుంది. నిజంగా బోల్టును సాగదీసేది పదో వంతు. మరలకు నూనె తగిలితే రాపిడి తగ్గి, అదే చేతి బలానికి బోల్టు మూడోవంతు ఎక్కువ సాగి హద్దు దగ్గరికి చేరుతుంది. అల్యూమినియం ఇంజన్‌లో అయితే బోల్టు కంటే ముందు దాని లోపలి మర ఊడివస్తుంది. బిగువును కొలిచి చూపే టార్క్ రెంచి కొనమనేది ఇందుకే. ఐఎస్‌ఓ 6789 ప్రకారం, 10 న్యూటన్ మీటర్ల పైబడిన రెంచిలో తప్పు 4 శాతం మించకూడదు. అయితే చక్రాల కోసం తయారైన పెద్ద అర అంగుళం టార్క్ రెంచి పది నంబరు బోల్టుకు పనికిరాదు, దాని కొలతలో అది అట్టడుగు. చక్రాల మరలకు చిన్న కార్లలో 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల దాకా చెబుతారు, కచ్చితమైన అంకె బండి మాన్యువల్‌లో ఉంటుంది. కారుతో ఇచ్చే పాతిక సెంటీమీటర్ల ఎల్ పానాతో వంద న్యూటన్ మీటర్లు రాబట్టాలంటే 40 కిలోల బరువు పెట్టాలి. టైరు దుకాణంలో గాలి తుపాకీతో దానికి రెట్టింపు బిగించి ఉంటే, 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే మధ్యలో రాత్రి పూట పంక్చర్ అయినప్పుడు ఆ చిన్న పానా ఏమీ చేయలేదు. అర మీటరు పొడవు పిడి, చక్రాల మరకు సరిపడే గోటీ (మారుతికి 19) డిక్కీలో ఉంటే 20 కిలోల బరువుతోనే వంద న్యూటన్ మీటర్లు వస్తాయి. రిపేరు జోలికి ఎన్నడూ వెళ్లనివారు కూడా ఈ రెండూ కొనాలి.

ఇంత లెక్క ఎందుకు, వీధి చివర మెకానిక్ రెండు అరిగిన పానాలు, ఒక సుత్తి పెట్టుకుని ఇంజన్ విప్పేస్తున్నాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. విప్పేస్తున్నాడు, నిజమే. అతని నైపుణ్యం ముందు తల వంచాల్సిందే. బోల్టు జారబోతున్న క్షణం అతని మణికట్టుకు తెలుస్తుంది. తల చితికితే పక్క కొట్టులో వెల్డింగ్ ఉంది, మర పోతే కొత్త మర కోసే ట్యాప్ ఉంది, డబ్బా నిండా పాత బోల్టులున్నాయి. నోయిడా, గాజియాబాద్, గురుగ్రామ్ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఆదివారం పూట బండి విప్పిన ఉద్యోగికి వీటిలో ఏదీ లేదు. బండి తిరిగి బిగిస్తేనే సోమవారం ఆఫీసు. కాబట్టి నేర్పు తక్కువైన చేతికే మంచి పనిముట్టు కావాలి. అరిగిన పానాతో నెగ్గుకురావడం ఏళ్ల అనుభవం ఉన్నవారికే సాధ్యం.

మజూరీ చవకైన దేశంలో సొంత రిపేరు ఏం కలిసివస్తుందన్నది ఇంకొక ప్రశ్న. డబ్బు లెక్కే చూసుకుంటే, ఏడాదికోసారి నూనె మార్చేవారికి కలిసిరాదు. వారు చక్రం సామాను కొనుక్కుని ఆగితే చాలు. తమ బండి తామే విప్పి చూసుకోవాలన్న ఆసక్తి ఉన్నవారికి లాభం వేరు. ఏ బోల్టు ఎంత బిగువుగా ఉందో, ఏది ఎప్పుడు మార్చామో తెలిసి ఉంటుంది. బీఎస్-6 బండ్లన్నీ కంప్యూటర్లు అయిపోయాయి, పానాలకు పనేముందనే వాదన సగమే నిజం. ఇంజన్ నియంత్రణ మన చేతుల్లోంచి పోయింది. బ్యాటరీ బిగింపు, సెన్సార్లు, ఎయిర్ ఫిల్టర్ పెట్టె, మట్టి రేకులు ఇప్పటికీ ఎక్కువగా పది నంబరు బోల్టుల మీదే నిలబడి ఉన్నాయి.

పరదేశీ పనిముట్లే కొనాలా? స్నాప్-ఆన్ వంటివి పది గంటలు రోజూ పనిచేసే చేతి కోసం తయారైనవి. వాటి నాణ్యత నిజమైనదే, ధర మన సరుకుకు ఎన్నో రెట్లు. నీతి ఆయోగ్ 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచ చేతి పనిముట్ల వ్యాపారంలో చైనా వాటా దాదాపు సగం, మనది సుమారు 1.8 శాతం. ఆ తక్కువ వాటాకు ముడిసరుకు ధర, వడ్డీ, కార్ఖానాల చిన్న పరిమాణం కారణాలు. మన కమ్మరి పనితనంలో లోపం లేదు. ఐరోపా, అమెరికాలకు వెళ్లే భారతీయ పానాలు అక్కడి కొలతలకు నిలిచే వెళుతున్నాయి. అందుచేత ఇంటి పనికి ప్రమాణం అంకె వేసి అమ్మే దేశీ పానా చాలు. జీవితకాలం గ్యారంటీ కూడా ఈ లెక్కలో తేలిపోతుంది. విరిగిన పానాకు కొత్త పానా ఇస్తారు, చితికిన బోల్టుకు ఏమీ ఇవ్వరు.

డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆదా చేయాలో దీన్నిబట్టి తేలుతుంది. బోల్టునో స్క్రూనో తాకే చోట, అంటే గోటీలు, రింగులు, డ్రైవర్ మొనల మీద ఖర్చు పెట్టాలి. సుత్తి, పొడిగింపు కడ్డీ, గరాటు, సామాను పెట్టె చవకవైనా ఫరవాలేదు. తళతళలాడే పూత కోసం ఎక్కువ ఇవ్వనక్కర్లేదు. విశాఖ సముద్రపు గాలిలో ఉండేవారికి పూత ముఖ్యం, ఢిల్లీలో నూనె గుడ్డతో తుడిచి పెడితే చాలు. ఒక్క చోట మాత్రం పొదుపు ప్రాణం మీదికి తెస్తుంది. కారుతో వచ్చే జాకీ చక్రం మార్చడానికే. కారు కిందికి దూరాలంటే దాని బరువును మోయగల స్టాండ్ల జత కొని, వాటి మీద దింపాకే దూరాలి.

ఈ ఆదివారమే మొదలుపెట్టదలిస్తే, జపాన్ వరుస కొలతల బండి ఉన్నవారు గోటీలను తిప్పే పావు అంగుళం రాచెట్, దానికి ఆరు మూలల 8, 10, 12 గోటీలు, 10, 12, 14, 17 కాంబినేషన్ పానాలు, జపాన్ మొన ఉన్న రెండో నంబరు స్క్రూ డ్రైవర్, కారైతే 19 గోటీతో పొడవాటి పిడి కొనండి. ఐరోపా వరుస బండి ఉన్నవారు 12కు బదులు 13, 14కు బదులు 16, 17కు బదులు 18 తీసుకోండి. మిగతావి మాన్యువల్ చూసి, అవసరం పడినప్పుడు ఒక్కొక్కటిగా కొనుక్కోవచ్చు. ఢిల్లీ టోకు బజార్లలో చాలా దుకాణాలకు ఆదివారం సెలవు కాబట్టి శనివారమే వెళ్లండి. జేబులో కొత్త పది నంబరు బోల్టు ఒకటి ఉంచుకోండి.